మనోభావాలు దెబ్బతిన్నాయని ఇంటర్నెట్‌కు తాళం వేయించగలమా?

ఈ ప్రశ్న అడిగిన స్వామి తిరుపతిలో కొబ్బరికాయలు, పూజాసామాన్ల అంగడి నడుపుతారట. ఎవరో కుర్రాడు కొండమీద గుండు గీయించుకునేవాళ్లను, కంపార్టుమెంట్లలో గంటలకొద్దీ కూర్చునేవాళ్లను వెటకారం చేస్తూ నాలుగు నిమిషాల వీడియో పెట్టాడు. అది చూసినప్పటి నుంచి ఈయనకు నిద్ర లేదు. నలభై మంది సంతకాలతో అర్జీ సిద్ధం చేసుకున్నారు. ప్రశ్నలు మూడు. వాణ్ణి జైల్లో పెట్టించవచ్చా? ఆ వీడియో తీసేయించవచ్చా? సినిమాకు ఉన్నట్టు ఇంటర్నెట్‌కు కూడా ముందే సెన్సార్ ఎందుకు పెట్టరు? ఇవన్నీ రాశాక చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, ఇంకో వాక్యం రాశారు. ఆ వీడియో కింద వాళ్ల మేనకోడలు 'ఇది తప్పు' అని కామెంటు పెడితే, ఎవరో ఆ అమ్మాయి ఫొటో మార్చి, ఫోన్ నంబరు జతచేసి అసహ్యమైన రాతలు రాశారట, ఆ అమ్మాయి కాలేజీ మానేసిందట.

నేను ఇరవై ఏడేళ్లుగా వకీలు పని చేస్తున్నాను. మొదట చిత్తూరు కోర్టులో, తర్వాత తిరుపతిలో. మనోభావాల అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్లనూ చూశాను, ఆ అర్జీల వల్ల స్టేషన్ బెంచీ మీద కూర్చున్నవాళ్లనూ చూశాను. స్వామీ, నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. మొదటిది చాలావరకు అయ్యే పని కాదు. రెండోది కష్టం. మూడోది అడగొద్దు. ఆ చివరి వాక్యం విషయంలో మాత్రం రేపు పొద్దున్నే కదలండి. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

మీ అర్జీలో 'మనోభావాలు' అనే మాట పదకొండు సార్లు ఉంది. రాజ్యాంగం 19(2) తీసి చూడండి. మాట్లాడే హక్కు మీద ఆంక్షలు ఏ కారణాలకు పెట్టవచ్చో అందులో వరసగా ఉంటాయి. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం. మనోభావాలు అన్న మాట అక్కడ లేదు. ఇవి తప్ప వేరే కారణం చేర్చడానికి వీల్లేదని 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పింది.

మరి మతాన్ని అవమానిస్తే శిక్ష లేదా అంటే, ఉంది. పాత శిక్షాస్మృతిలో 295ఏ. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299. మూడేళ్ల వరకు జైలు. కానీ అందులో అసలు బరువంతా రెండు మాటల మీద ఉంది. అవమానం 'ఉద్దేశపూర్వకంగా', 'దురుద్దేశంతో' చేసినదై ఉండాలి. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెట్టింది, నిజమే. నిలబెడుతూనే, తెలియక, అజాగ్రత్తగా, దురుద్దేశం లేకుండా చేసిన అవమానాలు దీని కిందికి రావని, తీవ్రమైన రకం మాత్రమే వస్తుందని గీత గీసింది. గుండు మీద జోకు వేసిన పిల్లవాడు ఆ గీత దాటాడని రుజువు చేయాల్సిన బాధ్యత మీ వైపు ఉంటుంది. మీరు పంపిన వివరాలు చూస్తే వాడికి ఉన్నది దురుద్దేశం కంటే వ్యూస్ యావే అనిపిస్తోంది.

ఈ సెక్షన్ ఎలా పుట్టిందో తెలుసుకుంటే దాని సత్తా ఎంతో తెలుస్తుంది. 1924లో లాహోరులో ఒక కరపత్రం వచ్చింది. ముస్లింలు మండిపడ్డారు. ప్రచురణకర్త రాజ్‌పాల్‌ను 1927లో హైకోర్టు వదిలేసింది, ఎందుకంటే అప్పటికి ఉన్న చట్టంలో ఆ నేరం లేదు. గొడవలు పెరిగేసరికి అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం 295ఏ తెచ్చింది. చట్టం వచ్చింది కదా అని కోపాలు చల్లారాయా? 1929లో రాజ్‌పాల్‌ను కత్తితో పొడిచి చంపారు. అప్పుడు ఒక మతంవాళ్ల కోసం తెచ్చిన సెక్షన్‌ను ఈ వందేళ్లలో అన్ని మతాలవాళ్లూ, చివరికి మతంతో పనిలేని రాజకీయ నాయకులూ వాడుకున్నారు.

కేసు పెట్టినా దారిలో మెట్లు చాలా ఉన్నాయి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు కొత్త నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(3) ఇచ్చింది. 2025 మార్చిలో ఒక ఎంపీ పెట్టిన కవిత మీద గుజరాత్‌లో కట్టిన కేసును సుప్రీంకోర్టు కొట్టేస్తూ, మాటల కేసుల్లో పోలీసులు ఈ దారి వాడాలని చెప్పింది. ఆ తీర్పులోనే ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఒక మాట ప్రభావాన్ని గట్టి మనసున్న, ధైర్యమున్న మనిషి కొలతతో చూడాలి కానీ, ప్రతిదాంట్లో ప్రమాదం వాసన పట్టేవాడి కొలతతో కాదు అని. ఇది కొత్త మాటేం కాదు, 1946లో నాగపూర్ హైకోర్టులో జస్టిస్ వివియన్ బోస్ అన్నదే. ఇక 299 కింద కోర్టు కేసును విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. శిక్ష ఏడేళ్లలోపే కాబట్టి, అరెస్టు అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలని 2014 నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. కాబట్టి 'రేపటికల్లా లోపల' అనే మాట మర్చిపోండి.

ఇప్పుడు మా ఆఫీసులో జరిగిన ఒక సంగతి.

కొన్నేళ్ల కిందట, గంగమ్మ జాతర అయిపోయిన వారానికి, ఒకామె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కొడుక్కి ఇరవై రెండేళ్లు, బైకుల షెడ్డులో పని. మన జాతర ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చాటింపు వేసిన మర్నాటి నుంచి బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. వేషం కట్టినవాడు ఎదురొచ్చినవాణ్ణి బూతులు తిడతాడు. అది మొక్కు. తిట్టించుకున్నవాడు నవ్వుకుంటూ పోతాడు. ఈ కుర్రాడు వాళ్ల మామ వేషం కట్టి తిడుతుండగా నలభై సెకన్లు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. మనవాళ్లు రెండు వందల మంది చూసి నవ్వుకున్నారు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒకాయన దాన్ని దించుకుని, 'చూడండి, మన అమ్మవారి గుడి దగ్గర ఎంత నీచంగా తిడుతున్నారో' అని రాసి మళ్లీ పెట్టాడు. రెండు రోజుల్లో లక్షలు దాటింది. దేవత మీద భక్తితోనే ఎవరో ఫిర్యాదు చేశారు. కుర్రాణ్ణి స్టేషన్‌కు పిలిచారు, ఫోన్ తీసుకున్నారు.

నేను వెళ్లేసరికి వాళ్ల మామ వాంగ్మూలం రాస్తున్నారు. ఆయన చెవి వెనక కుంకుమ ఇంకా పూర్తిగా పోలేదు.

"బూతులు తిట్టినావా లేదా?"

"తిట్టినా సార్."

"గుడి దగ్గరేనా?"

"గుడికి పోతానే తిట్టినా సార్. మా నాయనా తిట్నాడు. తిట్టకుంటే మొక్కు తీరదు సార్. అమ్మకు అదే ఇష్టం."

రాస్తున్న కానిస్టేబుల్ పెన్ను ఆపేశాడు. 'అమ్మకు అదే ఇష్టం' అన్నది వాంగ్మూలంలో ఎలా రాయాలో అతనికి అర్థం కాలేదు. అతనిదీ ఈ ఊరే. అధికారి మాత్రం బయటి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చాడు. ఆ తల్లి సంచిలో నుంచి పాత ఆల్బమ్ తీసింది. వాళ్ల తాత బొగ్గు పూసుకుని నిలబడ్డ నలుపు తెలుపు ఫొటో. ఒక మతాన్ని అవమానించిన కేసులో, ఆ మతం మూడు తరాలుగా ఇంట్లో ఉందని సాక్ష్యం చూపించాల్సి వచ్చింది.

కేసు కట్టలేదు. ఫోన్ తిరిగి రావడానికి ఏడు వారాలు పట్టింది. ఫోన్ వచ్చిన రోజే కుర్రాడు తన పేజీ మొత్తం తుడిచేశాడు. ఆరేళ్ల జాతర వీడియోలు, పక్కవీధి ముసలాయన పాడిన గంగమ్మ పాటలు, అన్నీ. ఆ ముసలాయన ఇప్పుడు లేడు. ఆ పాటలు ఇంకెక్కడా లేవు. ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు, ఏ కోర్టూ నిషేధించలేదు. ఫిర్యాదు ఒక్కటే సరిపోయింది. స్వామీ, మీ అర్జీ చదువుతుంటే నాకు ఆ ఆల్బమే గుర్తొచ్చింది. మీరు అడుగుతున్న సెన్సార్ వస్తే అది ముందుగా ఆ వెటకారం కుర్రాడి దగ్గరికి పోదు. వాడికి భాష వచ్చు, ఛానల్ ఉంది, బెంగళూరులో లాయరు దొరుకుతాడు. బైకుల షెడ్డు కుర్రాడి దగ్గరికి పోతుంది.

కంప్యూటర్లు, ఇంటర్నెట్ సంగతి చూసే ఐటీ చట్టంలో 66ఏ అని ఒక సెక్షన్ ఉండేది. 2008 సవరణతో వచ్చింది. 'చిరాకు', 'అసౌకర్యం' కలిగించినా మూడేళ్లు. 2012లో ముంబయిలో ఒక పెద్ద నాయకుడు పోయాక జరిగిన బంద్‌ను ప్రశ్నిస్తూ ఒక అమ్మాయి పోస్టు పెట్టింది, ఇంకో అమ్మాయి దానికి లైకు కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. దాని మీద శ్రేయా సింఘాల్ అనే విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న ఆ సెక్షన్ మొత్తాన్ని కొట్టేశారు. ధర్మాసనంలో ఇద్దరు జడ్జీలు, జస్టిస్ నారిమన్, మన కృష్ణా జిల్లావారైన జస్టిస్ చలమేశ్వర్. చర్చించడం వేరు, ఒక వాదాన్ని సమర్థించడం వేరు, ఉసిగొల్పడం వేరు, మూడోదాని దగ్గరే చట్టం చెయ్యి వేయాలి అన్నది ఆ తీర్పులో మూలం. కొట్టేసిన తర్వాత కూడా పోలీసులు ఆ సెక్షన్ రాస్తూనే పోయారు. ఇకమీదట ఎవరినీ దాని కింద విచారించకూడదని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చచ్చిన పాము కూడా ఏడేళ్లు కాటేసింది. కొత్త పామును మనమే పెంచి ఇద్దామా?

రెండో ప్రశ్న, వీడియో తీసేయించడం. కలెక్టరుకో సీఐకో అర్జీ ఇస్తే ఇంటర్నెట్‌లో ఏదైనా ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఒక లింకును జనానికి కనపడకుండా ఆపమని ఐటీ చట్టం 69ఏ కింద ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. కారణాలు కూడా దేశ భద్రత, శాంతిభద్రతలు వంటివే. అందులోనూ మనోభావాలు లేవు. ఆ ఆదేశాల్లో నాకు నచ్చనిది ఒకటుంది. 2009 నిబంధనల ప్రకారం ఫిర్యాదులూ వాటి మీద చర్యలూ గోప్యంగా ఉంచాలి. ఎవరు అడిగారో, ఎందుకు ఆపారో చదివేవాడికి తెలియదు. 2020లో కశ్మీర్ ఇంటర్నెట్ కేసులో, ఇంటర్నెట్ ఆపే ఆదేశాలు బయటపెట్టాలని సుప్రీంకోర్టు అన్నది మంచి మాట, కానీ అది నెట్ మొత్తం ఆపినప్పటి సంగతి. ఇక కంపెనీకి మీరు ఫిర్యాదు చేయవచ్చు, వాళ్ల సొంత నియమాలకు విరుద్ధమైతే తీసేస్తారు. 2021 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి, అక్కడ తేలకపోతే అప్పీలు కమిటీ ఉంది. ఒక పని చేసి చూడండి, ఖర్చేం లేదు. కానీ మీ నలభై మంది ఆ వీడియో లింకును ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారో ఒకసారి లెక్కేసుకోండి. వాడికి ప్రచారం చేస్తున్నది మీరే.

మూడో ప్రశ్నకు వస్తాను. సినిమాకు ముందే సర్టిఫికెట్ తీసుకోవాలి, నిజమే. 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో దాన్ని కోర్టు ఒప్పుకుంది, సినిమా మనిషి మీద చూపే ప్రభావం వేరు అన్న కారణంతో. పత్రికకు మాత్రం ముందస్తు సెన్సార్ కుదరదని 1950లోనే తేలింది. అదే రోజుల్లో మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' అనే వారపత్రికను రాష్ట్రంలోకి రానివ్వలేదు. అప్పుడు మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అంటే ఆ పత్రిక చిత్తూరు రైల్వేస్టేషన్‌లో దిగినా నేరమే. సంపాదకుడు రమేశ్ థాపర్ కోర్టుకు వెళ్లి గెలిచాడు. మరుసటి ఏడాదే, 1951లో, రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి 'శాంతిభద్రతలు' అన్న కారణాన్ని చేర్చారు. రాజ్యాంగం వచ్చి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆ సవరణ తెచ్చినవాళ్లు స్వాతంత్ర్యం కోసం జైళ్లకు పోయి వచ్చిన పెద్దలు. అంతటివాళ్ల చేతిలోనే కత్తెర ఊరుకోలేదు, మామూలు గుమాస్తా చేతిలో ఊరుకుంటుందా?

మీకు ఇష్టమైన పార్టీ ఇప్పుడు అధికారంలో ఉందో లేదో నాకు తెలియదు. మన రాష్ట్రంలో ఎవరున్నా అవతలివాళ్ల పోస్టుల మీద కేసులు కట్టడం చూస్తూనే ఉన్నాం. 2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి గొడవ గుర్తుందిగా. అడగడమే అపచారం అన్నవాళ్లున్నారు, అడక్కపోవడం అపచారం అన్నవాళ్లున్నారు. రెండు వైపులా భక్తుల మనోభావాల పేరే. చివరికి సుప్రీంకోర్టు అక్టోబరు 4న సీబీఐ, రాష్ట్ర పోలీసు, ఆహార భద్రతా సంస్థ అధికారులతో దర్యాప్తు బృందం వేసింది. ముందస్తు సెన్సార్ ఉండి ఉంటే ఆ రోజుల్లో ఏ పోస్టు ఉండాలో ఏది పోవాలో నిర్ణయించేది ఎవరు? మీరు కాదు, నేను కాదు.

కోర్టులో చెప్పే మాట కాదు కానీ, మీరు భక్తులు కాబట్టి అంటున్నాను. మన కొండ కథ మొదలయ్యేదే అవమానంతో. భృగువు వచ్చి స్వామి గుండెల మీద తన్నాడు. స్వామి ఆ కాలు పట్టుకుని, నొప్పెట్టిందా అని అడిగాడు. అమ్మవారికి మాత్రం ఒళ్లు మండింది, తన చోటును తన్నాడని. అలిగి కొల్హాపురం వెళ్లిపోయింది. కాబట్టి మీ మనసు నొచ్చుకోవడం తప్పని నేననను, సాక్షాత్తు లక్ష్మీదేవికే నొచ్చుకుంది. అలగండి, ఆ ఛానల్ మొహం చూడకండి, పది మందికి చెప్పండి, ఎదురు వీడియో చేయండి. ఇంక అనంతాళ్వారు గడ్డపార సంగతి. గర్భిణి భార్యకు సాయం చేస్తున్న పిల్లవాడు స్వామేనని తెలియక గడ్డపారతో కొట్టాడు, గడ్డం పగిలింది. ఆ గాయానికే నేటికీ పచ్చకర్పూరం పెడుతున్నారని చెబుతారు. ఆ గడ్డపారను మహాద్వారం దగ్గర, వచ్చేపోయే జనమంతా చూసేలా, వేలాడదీసి ఉంచారు. దాచలేదు. మీరు ఎన్నిసార్లు దాని కింద నుంచి నడిచి ఉంటారో.

సరే, మేనకోడలు.

ఇది వేరే సంగతి స్వామీ. ఆ కుర్రాడు మీ నమ్మకాన్ని ఎగతాళి చేశాడు, మీకు కోపం వచ్చింది. ఈ అమ్మాయి ఫోన్‌కు ముక్కూమొహం తెలియనివాళ్లు అర్ధరాత్రి కాల్ చేస్తున్నారు. ఆమె కాలేజీ మానేసిందని మీరే రాశారు. మాట మాట్లాడినందుకు ఒక మనిషి నోరు మూయించారు, అసలు సెన్సార్ అంటే ఇది. దీనికి చట్టం గట్టిగానే ఉంది. వెంటపడి వేధించడం 78, స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటలు 79, బెదిరింపు ఉంటే 351, ఇవి న్యాయ సంహితలో. ఫొటో మార్చి అశ్లీలం చేస్తే ఐటీ చట్టం 67.

ముందు ఏమీ తుడిచేయొద్దని అమ్మాయికి చెప్పండి. ఇళ్లల్లో మొదట చేసే తప్పు అదే, 'పరువు పోతుంది, తీసేయ్' అంటారు. ప్రతి పోస్టుకూ స్క్రీన్‌షాట్ తీయండి, అందులో తేదీ, సమయం, పెట్టినవాడి ఖాతా పేరు కనపడాలి. లింకు పూర్తిగా కాపీ చేసి ఒక కాగితం మీద రాసుకోండి. ఖాతా పేరు మార్చుకుంటారు, లింకు ఉంటే పట్టుకోవడం తేలిక. వచ్చిన కాల్స్ జాబితా ప్రింటు తీయండి. ఇవి కోర్టులో నిలబడాలంటే సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి, అది నేను రాసిస్తాను. ఆ ఫొటో గురించి కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఇవాళ రాత్రే రాయండి. మీ దేవుడి వీడియోకు వాళ్లు తాత్సారం చేస్తారేమో కానీ, ఇలాంటి ఫొటోల విషయంలో నిబంధనలు తొందరపెడతాయి. సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో మహిళల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది, అందులోనూ పెట్టండి. 1930 హెల్ప్‌లైన్ ముఖ్యంగా డబ్బు మోసాలకు.

స్టేషన్‌లో 'ఇది మా పరిధి కాదు' అంటే, ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ కట్టాలని నాగరిక్ సురక్షా సంహిత 173 చెబుతోందని నెమ్మదిగా అనండి. ఐటీ చట్టం కేసును దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి, కాబట్టి ఎస్ఐ గారితో వాదన పెట్టుకోకుండా సీఐని కలవండి. అమ్మాయి చెప్పేది మహిళా పోలీసే రాసుకోవాలి, అది అడిగి తీసుకోండి. అప్పటికీ కట్టకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, ఆ తర్వాత మేజిస్ట్రేటు.

ఆ నలభై సంతకాల అర్జీ ఉంది చూడండి, దాన్ని పక్కన పెట్టి, వాళ్లలో ఇద్దరిని రేపు అమ్మాయితో పాటు స్టేషన్‌కు రమ్మనండి. వాళ్లలో ఒక ఆడమనిషి ఉంటే ఇంకా మంచిది. ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని పదిన్నరకల్లా వెళ్లండి, ఆలస్యమైతే సీఐ బందోబస్తుకు కొండమీదికి పోయి ఉంటారు.